ముందే బయలుదేరిన సంచి

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను విమానం ఎక్కలేదు. ఎక్కించాను. రాయచూరులో ఒక మందుల దుకాణం పైన గది, రెండు బల్లలు, గోడ మీద అంచులు చిరిగిన ప్రపంచ పటం, అదే మా ట్రావెల్ ఆఫీసు. హజ్‌కు పోయేవాళ్ళు, కాశీకి పోయేవాళ్ళు, గల్ఫ్‌లో పనికి పోయేవాళ్ళు, అందరినీ సాగనంపి సాయంత్రం షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికి చేరేదాన్ని.

ఇప్పుడు మీరంతా ఫోనులోనే టికెట్లు తీసుకుంటున్నారు. తీసుకోండి, మంచిదే. మా కడుపు కొట్టారని నేనేమీ శాపనార్థాలు పెట్టడం లేదు. కానీ ఒకటి గమనించండి. ఎందుకు పోతున్నారని ఫోను అడగదు. నేను అడిగేదాన్ని. అడగకుండా ఉండలేకపోయేదాన్ని, అది నా రోగం. "నీకెందుకమ్మా వాళ్ళ సంగతి, టికెట్ తీసియ్యి" అని మా యజమాని విసుక్కునేవాడు. ఆ రోగం పుణ్యమా అని నాకు ఈ సంచి సంగతి దక్కింది.

రిటైరు కావడానికి కొంచెం ముందు, ఎండాకాలం, నీళ్ళు ఆపి కాలువలు కట్టేసిన రోజులు. సిందనూరు అవతల ఒక క్యాంపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి వేసుకుంటున్న కుటుంబాల ఊళ్ళను మా జిల్లాలో క్యాంపులనే అంటారు. ఆయన అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, నెత్తిన మిలిటరీ మచ్చల టోపీ. ఆమె ఒళ్ళో నీళ్ళ సీసా, చేతిలో ఎండకు విసురుకోవడానికి పెళ్ళి కార్డు.

"ఉగాండా అని ఆఫ్రికాలో ఉందంట చెల్లెమ్మా. రెండు టికెట్లు కావాలి" అన్నాడాయన, పక్కనున్న మాన్వికి బస్సు టికెట్ అడిగినంత మామూలుగా.

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "ఉగాండాల మీకెవరున్నరన్నా?"

"ఎవరూ లేరు. నైలు నది మొదలయ్యే చోటు అక్కడుందంట. చూసి రావాలి."

"అగో! గంత దూరం ఎందుకు? తుంగభద్ర పుట్టిన చోటు మన రాష్ట్రంలనే ఉంది కద."

"చూశాను చెల్లెమ్మా. దండం పెట్టుకున్నాను, తీర్థం తాగాను. అక్కడ బుల్లి ధార, చంటిపిల్ల పాకినట్టు పాకుతుంది. ఇది అలా కాదంట. సముద్రమంత చెరువులోంచి తూము ఎత్తినట్టు నది మొత్తం ఒక్కసారే బయటికొస్తుందంట. టీవీలో చూపించాడు."

అప్పుడు చెప్పాడు తన సంగతి. వాళ్ళ పొలం ఉపకాలువకు చిట్టచివర ఉంది. టెయిలెండ్ అంటారు. వాళ్ళ నాన్న చవకగా వస్తోందని కొన్నాడు, ఎందుకు చవకో నీళ్ళు వదిలాక తెలిసింది. పైనున్న వాళ్ళందరి మళ్ళూ తడిసి, ఇంకా మిగిలితే వీళ్ళకు. ఇంజినీర్ల కాళ్ళు పట్టుకోవడం, తూముల దగ్గర కాపలా కాయడం, పై రైతులతో తగాదా పడటం, మళ్ళీ వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికి పోయి భోజనం చేయడం, ఇదే ఆయన జీవితం.

"నా పైన ఎవడూ లేని చోట ఒక్కసారి నిలబడాలి చెల్లెమ్మా. అంతే నా కోరిక. కాలువ కట్టేసిన ఈ రోజుల్లోనే పోవాలి. నీళ్ళు వదిలారంటే నేను పొలం వదలలేను. వచ్చే ఏటికి ఈ మోకాళ్ళు ఏమంటాయో."

"మరి నువ్వు వదినా?" అని ఆమెనడిగాను.

"నాకు తిరుపతి చాలు వదినా. ఈయన్ని ఒక్కణ్ణే పంపితే ఆ నీళ్ళ దగ్గరే కాపలా కూర్చుంటాడు. తీసుకురావడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అని విసనకర్ర చేసుకున్న పెళ్ళి కార్డుతో మొగుడి భుజం మీద ఒకటి వేసింది.

ఆ మనిషి కోరిక నాకు తెగ నచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఎందరినో అడిగాను, ఇటువంటి జవాబు ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళు మెట్లు దిగిపోగానే పటం దగ్గరికి పోయి ఉగాండాను వెతికాను. అంతవరకు మా ఆఫీసు నుంచి అక్కడికి ఎవరూ పోలేదు.

మా ఆఫీసులో రెండో బల్ల భాయ్‌ది. నాకంటే పెద్దవాడు, హజ్ యాత్రికుల కాగితాలు చూసి చూసి టీకాల సంగతి, పాస్‌పోర్టుల సంగతి కరతలామలకం. ఇద్దరం కూర్చుని ఆ దేశానికి ఏమేం కావాలో తెలుసుకున్నాం. మా ఇద్దరికీ అదొక పండగ. అక్కడి ప్లగ్గులకు మూడు చదరపు పుల్లలుంటాయని, మన ఛార్జర్లు పట్టవని తెలిసింది. దోమలున్నాయి, మలేరియా మాత్రలు డాక్టరును అడిగి ముందునుంచే వేసుకోవాలి. అడవి చూడబోయేటప్పుడు నీలం, నలుపు బట్టలు కట్టకూడదు, ఒక రకం ఈగలు ఆ రంగులకు ముసురుకుని కుడతాయి. ఆమె ప్రయాణానికని కొత్తగా కొనుక్కున్న చీర నెమలికంఠం రంగుది. పాపం, ఆ చీరను మడత విప్పకుండానే బీరువాలో పెట్టేసింది.

అన్నిటికంటే తమాషా ఆయన టోపీ. మిలిటరీ మచ్చల బట్ట మామూలు జనం వేసుకోవడం ఉగాండాలో నేరం. ఆ సంగతి చెబితే ఆయన టోపీ తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"సిందనూరు సంతలో కొన్నాను. దీనికీ జైలేనా?"

"హా సాబ్, జైలే. మీరు నది జూడాల్నా, కటకటాలు జూడాల్నా?" అన్నాడు భాయ్. ఆయన టోపీని భాయ్ బల్ల మీద పెట్టేసి, తువ్వాలు తలకు చుట్టుకుని పోయాడు.

ఇక అసలైనది ఎల్లో ఫీవర్ టీకా. అది వేయించుకున్న కార్డు లేకపోతే ఆ దేశంలోకి రానివ్వరు. తిరిగొచ్చేటప్పుడు మన దేశమే ఆపి విడిగా కూర్చోబెడుతుంది. టీకా ఊరి డాక్టరు వేసేది కాదు, దానికి వేరే కేంద్రాలున్నాయి. మాకు దగ్గరిది హైదరాబాదు. ముందుగా పేరు రాయించుకోవాలి. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు వేస్తారు కాబట్టి అసలు పాస్‌పోర్టు చూపించాలి, నకళ్ళు పనికిరావు. టీకా వేసుకున్నాక పది రోజులు గడిస్తేనే ఆ కార్డు చెల్లుతుంది. మాకు దొరికిన రోజు ప్రయాణానికి సరిగ్గా సరిపోయేట్టు ఉంది. అది తప్పితే ప్రయాణమే తప్పుతుంది. ఇదంతా వాళ్ళకు ఒకటికి రెండుసార్లు చెప్పాను.

టీకా ముందురోజు మధ్యాహ్నానికి ఇద్దరూ రాయచూరు వచ్చారు. తెల్లవారగానే కారులో హైదరాబాదు పోవాలి, నేనూ వెంట పోతున్నాను. చల్లటి మజ్జిగ ఇచ్చి, "పాస్‌పోర్టులు ఒకసారి చూపియ్యండి" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అవి ప్రయాణమై వెళ్ళిపోయాయి చెల్లెమ్మా" అన్నాడాయన.

"ఏందీ? ఎక్కడికి?"

"ఎదురింటికి."

ఆమె వివరంగా చెప్పింది. విమానం ఎక్కే రోజు మంచిది కాదట. అందుకని పంతులు మంచి ముహూర్తం చూసి ప్రస్థానం పెట్టమన్నాడు. మీలో చాలామందికి తెలియకపోవచ్చు, ఇది పాత ఆచారం. మంచి గడియలో ప్రయాణం సామాను కొంత గుమ్మం దాటించి ఇంకొకరింట్లో ఉంచితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. మనుషులు కొన్ని రోజుల తర్వాత కదిలినా దోషం లేదు. సామాను మాత్రం మళ్ళీ వెనక్కి ఇంటికి రాకూడదు. వీళ్ళు కొత్త గుడ్డసంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఒక పంచె, చీర పెట్టారు. ప్రయాణానికి ముఖ్యమైన వస్తువు కూడా ఉండాలి కదా అని ఆయన రెండు పాస్‌పోర్టులూ అందులో వేశాడు. సంచి ఎదురింటి కన్నడ టీచరమ్మ పూజగదిలో ఉంది.

"ఏందన్నా గిట్ల జేస్తివి! అసలు పాస్‌పోర్టు కావాలని మీకు చిలక్కి చెప్పినట్టు చెప్పిన కద!"

"నకళ్ళున్నాయి కదా అనుకున్నాను చెల్లెమ్మా. మీ దగ్గర కూడా ఉన్నాయి కదా."

"గవి పనికి రావు! ఇప్పుడే ఫోన్ చేసి సంచి తెప్పించండి."

"సంచి వెనక్కి రాకూడదు" అంది ఆమె. గొంతు పెంచలేదు, కానీ ఆ మాటకు తిరుగు లేదు. "మా మామగారు కోస్తా నుంచి ఇక్కడికి బయలుదేరినప్పుడు ప్రస్థానం పెట్టారు. నాగటి కర్రు మర్చిపోయామని సామాను మళ్ళీ ఇంటికి తెచ్చి, అది కూడా కట్టుకుని బయలుదేరారు. వచ్చాక ఏ పొలం దొరికిందో చూశారుగా? కాలువ చివర. నేను సముద్రం మీద విమానంలో పోవాలి వదినా. నాకు భయం. ఆ సంచి వెనక్కొస్తే నేను కదలను, ఈయన్ని కదలనివ్వను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన గోడ మీది పటం వైపు తిరిగి నిలబడ్డాడు. నేను పెన్సిలుతో ఉగాండా చుట్టూ గీసిన గుండ్రని గీత దగ్గర వేలు పెట్టి, కాసేపలాగే ఉండి, వేలు తీసేశాడు. అది చూసి నా కోపం సగం దిగిపోయింది.

నేను టీచరమ్మకు ఫోను చేశాను. సంచి విప్పి పాస్‌పోర్టులు రెండూ తీసి పంపండి, మిగతాది అక్కడే ఉంచండి అని కన్నడలో బతిమాలాను. ఆమె ఇంకా గట్టిది. "నా కొడంగిల్రీ" అంది. ఇవ్వనంటే ఇవ్వదట. నమ్మి దేవుడి ముందు పెట్టిన మూట ముడి తాను విప్పదట.

భాయ్ అంతసేపూ చాయ్ తాగుతూ వింటున్నాడు. గ్లాసు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు. "జర నాకు సమఝ్ జేయి అక్కా. సామాన్ వాపస్ రావద్దు. అంతేనా?"

"అంతే."

"ఆగే పోవచ్చునా?"

"అంటే?"

"ముందుకు. ఆ ఇంట్లకెల్లి రాయచూరుకు, రాయచూరుకెల్లి హైదరాబాదుకు. మీ విమానం ఎక్కేది హైదరాబాదులనే కద. సంచి మీకంటే ముందు ఆడికి పోయి కూసుంటది. వాపస్ ఏడ వచ్చింది?"

ఆమె పెళ్ళి కార్డు ఊపడం ఆపింది. చాలాసేపు ఆలోచించింది. ఆ మొహంలో పట్టుదల కరిగి, దాని వెనక నుంచి చిన్నపిల్లల ఆసక్తి బయటికి రావడం నేను కళ్ళారా చూశాను.

"పోవచ్చు" అంది చివరికి. "ముందుకైతే పోవచ్చు. మేం మాత్రం ముట్టుకోకూడదు. మేమింకా బయలుదేరలేదు కదా."

ఈ మాట ఫోనులో చెప్పగానే టీచరమ్మ కూడా ఒప్పుకుంది. ఎవరి చేతికో ఇవ్వడం ఇష్టం లేక తానే బస్సెక్కింది. పొద్దు గుంకే వేళకు రాయచూరు బస్టాండులో దిగింది. సంచి కింద పెట్టలేదట, దారంతా ఒళ్ళోనే. నా చేతుల్లో పెట్టి, ఉగాండాలో వక్కాకు దొరుకుతుందా అని అడిగి, అదే బస్సులో తిరిగి పోయింది.

మర్నాడు కారులో డ్రైవరు పక్కన నేను, నా ఒళ్ళో సంచి. వెనక సీట్లో వాళ్ళిద్దరూ. దారి పొడుగునా ఆయన మెడ సాచి సంచిని చూడటం, ఆమె "ముట్టుకోకండి" అనడం. "ముట్టుకోవడం లేదే, చూస్తున్నాను" అని ఆయన. నాకు నవ్వాగలేదు.

టీకా కేంద్రంలో ముడి నేనే విప్పాను. పాస్‌పోర్టులు రెండూ పసుపు పూసుకుని పెళ్ళికూతుళ్ళ మాదిరి ఉన్నాయి. కొంగుతో తుడిచి ఇస్తే బల్ల దగ్గరి మనిషి తుమ్మాడు. సంచి అడుగున ఒక గుప్పెడు వడ్లు కూడా కనబడ్డాయి.

"గివేందన్నా?"

"మా పొలంవి. ఆ నది మొదట్లో వేద్దామని."

"విత్తనాలు దేశం దాటనియ్యరన్నా. విమానాశ్రయంలనే పట్టుకుంటరు." ఆయన మొహం చిన్నబోయింది. "వేయిస్తే పేలాలవుతాయి కదా, మొలకెత్తవు" అంది ఆమె వెంటనే. ఆ ఉపాయం నాకు తట్టనందుకు కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

తర్వాత డాక్టరమ్మ గదిలోకి పోయాం. వయసులో చిన్నది, మాట నిదానం. ఆయన కాగితం చూసి పెన్ను పక్కన పెట్టింది. "అరవై దాటినవాళ్ళకు ఈ టీకా ఆలోచించి వేయాలండీ. అరుదుగానే అయినా కొందరికి ఇబ్బంది అవుతుంది. అక్కడ పిల్లలున్నారా? ఉద్యోగం పనా?"

"లేదండి. చూడటానికి."

"చూడటానికేనా? టీకా అక్కర్లేని దేశాలు బోలెడున్నాయి కదా, వాటిలో ఏదైనా చూడకూడదా?"

మా ఆఫీసులో అంత ధారాళంగా చెప్పిన మనిషి, అక్కడ నోరు విప్పలేకపోయాడు. తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. సంచి ముందుకొచ్చింది, పాస్‌పోర్టులు వచ్చాయి, ఇంత చేసి ఇక్కడ ఆగిపోతుందా అని నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను.

మాట్లాడింది ఆమె.

"డాక్టరుగారండీ, మా పొలం కాలువ చివర. కాపరానికొచ్చిన నాటి నుంచీ నేను ఈయన వీపే ఎక్కువ చూశాను. ఎప్పుడూ పైకి తిరిగే ఉంటాడు, నీళ్ళొస్తున్నాయా అని. అన్నం పెట్టినా అటు చూస్తూనే తింటాడు. పిల్లలు పుట్టినప్పుడు కూడా ఒకసారి చూసి కాలువ మీదికి పోయాడు. ఆ మొదలేదో ఒక్కసారి చూసేస్తే ఇటు తిరుగుతాడేమోనని నా ఆశండి. మీకు చేతనైతే పంపండి."

ఆయన తల వంచుకున్నాడు. ముందురోజు ఈవిడనా నేను మూర్ఖురాలు అనుకున్నది అనిపించింది నాకు. ప్రయాణం ఆపడానికి కాదు, ఎట్లాగైనా సరిగ్గా సాగాలనే ఆ పట్టు పట్టింది.

డాక్టరమ్మ పెన్ను తీసుకోలేదు, స్టెతస్కోపు తీసుకుంది. రక్తపోటు చూసింది. ఆ టీకా గుడ్లలో తయారవుతుందట, అందుకని కోడిగుడ్డు ఒంటికి పడుతుందా అంది, ఏ మందులు వాడుతున్నారంది, పాత జబ్బులన్నీ అడిగింది. ఇద్దరినీ అలాగే చూసింది. జ్వరం వస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోను చేయాలో ఓపికగా చెప్పింది. అప్పుడు సంతకం పెట్టి, "ఏ చెయ్యి ఇస్తారు?" అని అడిగింది. ఆయన రెండు చేతులూ చాపాడు.

వడ్లు తీసేసి, పాస్‌పోర్టులు లోపల పెట్టి, సంచి ముడి మళ్ళీ వేసి, హైదరాబాదులో మా చెల్లెలింట్లో దేవుడి గూటి పక్కన పెట్టి వచ్చాం. వాళ్ళిద్దరూ టీకా పొడిచిన చేతులు నొక్కుకుంటూ, ఇంకా బయలుదేరని మనుషుల్లా, దర్జాగా క్యాంపుకు తిరిగి పోయారు. విమానం రోజున నేరుగా మా చెల్లెలింటికి వెళ్ళి సంచి అందుకున్నారు. ఇంట్లో వేయించిన పేలాల పొట్లం అందులో చేర్చారట.

తిరిగొచ్చాక కాలువకు నీళ్ళు వదలడానికి ముందే ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. నాకూ భాయ్‌కీ కాఫీ గింజలు తెచ్చారు. నేను ఆగలేక, "నిలబడ్డవా అన్నా?" అన్నాను.

"పడవలో తీసుకుపోయారు చెల్లెమ్మా. నీళ్ళు అడుగు నుంచి బుడబుడమని పొంగుతున్నాయి. పేలాలు వేశాను. చెయ్యెత్తి దండం పెట్టాను. హమ్మయ్య, నా పైన ఎవడూ లేడు అనుకున్నాను. అప్పుడు ఆ పడవవాడన్నాడు, ఈ చెరువులోకీ నదులొస్తాయి, పెద్దది రువాండా, బురుండి కొండల నుంచి వస్తుంది అని."

"అయ్యో" అన్నాను. నిజంగానే ప్రాణం ఉసూరుమంది.

"అయ్యో లేదు వదినా" అంది ఆమె. "ఆ మాట వినగానే ఈయన గిరుక్కున నా వైపు తిరిగి, 'చూశావటే, వీళ్ళూ టెయిలెండేనంట!' అని ఒకటే నవ్వు. పడవ ఊగిపోయేట్టు నవ్వాడు. పక్కనున్న దొరలు భయపడ్డారు. నా మొహంలోకి చూసి అలా నవ్వడం నేను ఎప్పుడు చూశానో నాకే గుర్తులేదు." చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. పటం వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

భాయ్ టోపీ తీసి ఇచ్చాడు. ఆయన పెట్టుకున్నాడు. లేచేటప్పుడు ఆమె అదే గుడ్డసంచిని నా బల్ల మీద పెట్టింది. ముడి వేసి ఉంది.

"ఇది మీ ఇంట్లో ఉంచండి వదినా. రువాండాకి ప్రస్థానం."

"ఎప్పుడు పోతున్నరు?"

"ఈయన మోకాళ్ళు బాగైనప్పుడు."

"ప్రస్థానానికి ఇన్ని రోజులని గడువుంటది కద వదినా?"

"మా దాకా ఏది టైముకొచ్చింది గనక! గడువు కూడా ఆలస్యంగానే వస్తుందిలెండి" అని నవ్వేసింది.

నేను రిటైరయ్యాను. ఆఫీసు ఉన్న గదిలో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. ఆయన మోకాళ్ళు ఇంకా సరికాలేదు. కాలువ కట్టేసిన ప్రతి ఎండాకాలం ఆమె ఫోను చేస్తుంది. సంచి ఉందా వదినా అని అడుగుతుంది. ఉందంటాను. రువాండాలో ప్లాస్టిక్ సంచులు రానివ్వరని చెబితే, పచ్చళ్ళకు గుడ్డసంచులు కుట్టి పెట్టానంది. మొన్న వెనక నుంచి ఆయన గొంతు కూడా వినబడింది, "చెల్లెమ్మకు పాస్‌పోర్టు ఉందేమో అడుగు" అంటున్నాడు. లేదు, కానీ ఆ ఫోను పెట్టేశాక ఫోటో తీయించుకుని వచ్చాను.

సంచి మా దేవుడి గూటి పక్కనే ఉంది. ముడి విప్పలేదు. ఎన్నాళ్ళైనా ఉండనీ, వెనక్కి మాత్రం పంపను.